కొత్తనీటికిని ఇసుకతిన్నెకును నడుమ

ఆషాఢము సగము గడచి, దల్మా కొండలపై మబ్బు దిగి, రెండు మూడు దినములు తెరపి యీయక కురిసిన పిమ్మట గొడుగు చేతబట్టుకొని జంషెడ్పూరు బారిడీహ్‌లోని మా క్వార్టరునుండి సువర్ణరేఖ గట్టువరకు నడచిపోవుట నాకు చిరకాలముగా అలవడిన పని. అచ్చట గేదె పండుకొన్నట్లు వెన్ను చూపుచు నీటినడుమ ఒక నల్లని బండ కలదు. వైశాఖములో పిల్లలు పాదములు తడియకయే దానిపైకి పోయి కూర్చుందురు. ఆషాఢపు తొలివరదకు దాని నడుము మునుగును. శ్రావణము వచ్చునప్పటికి బండ యున్న చోట ఒక సుడి మాత్రము తిరుగుచుండును. మొన్నటి సాయంకాలము నేనును మా పొరుగింటి పెద్దాయనయు ఆ సుడిని చూచుచు నిలుచుంటిమి. ఆయనది శ్రీకాకుళము ప్రాంతము. చిన్ననాడు తండ్రివెంట ఇటు వచ్చి, ఇక్కడి కర్మాగారములోనే కొలువు చేసి విరమించినవాడు. చాలసేపు మాటలాడక నిలిచి, తుదకు ఆయన యడిగెను: “మాస్టారూ, మనవలకి పాపికొండలు సూపించాలని ఉందండి. ఏసంగి సెలవుల్లో ఎల్తే బాగుంటాదా, దసరాకి ఎల్తే బాగుంటాదా?”

ఒక్క మాటలో బదులు చెప్పదగిన ప్రశ్నయే. కాని నాకు నోట మాట రాలేదు. నదిపై పడవ యెక్కుటకు మేలైన కాలమేది యను ప్రశ్నకు ఈ దేశములో రాజులు, భిక్షువులు, ఇంజనీర్లు, సరంగులు, యాత్రికులు తమతమ రీతుల సమాధానములు వెదకిరి. అందు కొందరి సమాధానము ఆచారముగా నిలిచినది. కొందరిది శిథిలములైన రాతికట్టడములుగా అడవిలో మిగిలినది. అది యంతయు గట్టుమీద నిలుచుండి చెప్పుట సాధ్యము కాదు గనుక ఇంటికి వచ్చి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ముందుగా మా నదిని గూర్చి. సువర్ణరేఖ పడవల నది కాదు. రాంచీ పీఠభూమిపై పుట్టి, హుండ్రు వద్ద 98 మీటర్ల యెత్తునుండి దూకి, చాండిల్ దాటి, జంషెడ్పూరు కడ ఖర్కాయిని కలుపుకొని, ఘాట్‌శిలా మీదుగా సాగి ఒడిశా తీరమున సముద్రమును చేరు ఈ నది పొడవు సుమారు 395 కిలోమీటర్లు. గంగకున్నట్లు దీనికి వెనుక మంచుకొండలు లేవు. జూను నడుమ వచ్చి అక్టోబరులో మరలిపోవు ఋతుపవనము ఏ మిచ్చెనో అదియే దీని సంవత్సరపు సంపాద్యము. నాలుగు నెలలు ఒడ్డులు కోయును. నాలుగు నెలలు తేటగా నడచును. తక్కిన నాలుగు నెలలు బండలనడుమ దారి వెదకుకొనుచు సన్నగిల్లును. 1907లో ఏర్పడిన ఉక్కు కంపెనీకి స్థలము వెదకుచు వచ్చిన పెరిన్, వెల్డ్ అను అమెరికా నిపుణులు సాక్చీ గ్రామమును మెచ్చుకొనుటకు ముఖ్యకారణము రెండు నదుల కూడలి. కొలిమికి ఇనుపరాయి యెంత యవసరమో నీరును అంత యవసరము గదా. 1912లో ఉక్కు పోతపోసిన ఈ యూరికి 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డు జంషెడ్పూరు అను పేరు పెట్టెను; పిమ్మట జనము పెరిగి, వేసవి నీరు చాలక, 1940లలో దల్మా పాదమున డిమ్నా జలాశయమును కట్టవలసివచ్చెను. రెండు నదుల నడుమ వెలసిన పట్టణమే వేసవి దాహమునకు మూడవ నీటిని దాచుకొనవలసివచ్చెననిన, వాననది స్వభావము దీనికంటె స్పష్టముగా తెలియబోదు.

ఈ నది యిసుకలో బంగారు రేణువులు జల్లించి తీయు ఆదివాసులు కలరు. నదికి ఆ పేరు అందువలననే వచ్చినదందురు. వారి పనియు ఋతువునకు లోబడినదే. వరదలో జల్లెడ పట్టుట యెవరి తరమును కాదు; నీరు తీసి, కొత్తగా కొట్టుకొనివచ్చిన ఇసుక తిన్నెలుగా పేరుకొన్న పిమ్మట, చలికాలపు టెండలో చెక్కతట్టలతో నీట దిగుదురు. పుష్యమాసములో మకరసంక్రాంతినాడు టుసు ప్రతిమలను పాటలతో గట్టునకు తెచ్చి నీట విడుచుట, కార్తికశుద్ధషష్ఠినాడు ఛఠ్ వ్రతమునకు స్త్రీలు నడుములోతు నీట నిలిచి అస్తమయసూర్యునకు అర్ఘ్యమిచ్చుట — ఇక్కడి పండుగలు రెండును నదిని మనిషి నమ్మి దిగదగిన కాలమునకే యేర్పడినవి. ఆ నడుములోతు శ్రావణములో దొరకదు, వైశాఖములోను దొరకదు.

సువర్ణరేఖపై పడవలు లేకపోయినను ఓడ లుండెను. దాని ముఖద్వారమున పిప్పలి అను రేవు 17వ శతాబ్దిలో పోర్చుగీసు, డచ్చి, ఆంగ్ల వర్తకులకు నెలవై వెలిగెను. ఏటేటి వరద ఎగువ కొండలనుండి తెచ్చిన ఒండ్రును ఇసుకను అక్కడనే దింపుచు రాగా, మేట వేసి, దారి మూసికొని, ఆ రేవు చరిత్రలో కలిసిపోయెను. వరద లేనిచో నది లేదు. వరద తెచ్చిన ఇసుకయే రేవును పూడ్చును. నదీప్రయాణపు చరిత్ర యంతయు ఈ రెండింటినడుమ నడచినదే.

పూర్వులు ఈ విషయమును ధర్మముగా కట్టుబాటు చేసిరి. వర్షర్తువులో భిక్షువులు సంచారము మాని ఒక్కచోట వసింపవలెనని బౌద్ధుల నియమము, సన్న్యాసులకు చాతుర్మాస్యదీక్ష, రాజులకు విజయదశమి వెళ్లినగాని దండయాత్ర లేదు. రఘువంశము నాల్గవ సర్గలో రఘుమహారాజును దిగ్విజయమునకు పురికొల్పినది మంత్రులు కారు, శరదృతువు. నదులు కాలినడకను దాటవీలైనవియు, బాటలు బురద యారినవియు అగుట చూచి ఆయన కదలెనని కాళిదాసు వర్ణించెను. ఋతువే ప్రథమసచివుడు. తెలుగువారి కార్తికస్నానములను, అరటిదొప్పలలో దీపములు పెట్టి నీట విడుచు ఆచారమును నేను ఈ దృష్టితోనే చూతును. భాద్రపదమందలి గోదావరిలో దొప్ప విడిచినచో దీపము నాలుగు బారలు పోకముందే మునుగును. కార్తికములో అదే దొప్ప రేవు దాటి మలుపు తిరుగువరకు కంటి కగపడుచుండును. దీపము నిలుచు నీరు పడవ నిలుచు నీరని మన ముత్తవ్వలకు వేరుగా చెప్పనక్కరలేకపోయెను.

అయితే ప్రయాణము తప్పనివారు వానలో నైనను బయలుదేరుచునే యుండిరి. 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి మరుసటి యేడు సెప్టెంబరులో ఇల్లు చేరిన ఏనుగుల వీరాస్వామయ్య రెండు వానకాలములు దారిలోనే గడపెను. ఆయన కాశీయాత్రచరిత్ర చదువువారికి ఆకాలమున ఏరు దాటుట యనగా నేమో తెలిసివచ్చును. ఆయన గంగపై పడవ ప్రయాణము చేసిననాటికి అదే నదిపై కలకత్తానుండి అలహాబాదు దిశగా ఆవిరిపడవను నడుపు ప్రయత్నములు మొదలై రెండేండ్లు గడచెను. ఆ స్టీమర్లకు కూడ ఋతువే యజమాని: వానకాలములో భాగీరథి పాయగుండ నేరుగా పైకి పోయెడివి, చలికాలము ముదిరి ఆ పాయ యింకినంతనే సుందరవనముల ఉప్పుకాలువలగుండ చుట్టు తిరిగి, తూర్పున గంగ ప్రధానధారను పట్టుకొని ఎగువకు పోవలసివచ్చెడివి. ఇంజను వచ్చినంతమాత్రమున నది లోతు పెరుగలేదు.

ఇక గోదావరి. త్ర్యంబకమున పుట్టి 1465 కిలోమీటర్లు నడచు ఈ నదికి మన సీమలో అడుగుపెట్టిన పిదపనే అసలు బలము వచ్చును. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి యను మూడును ఎడమవైపు అడవులనుండి వచ్చి కలియును. ఆ అడవులపై కురిసిన వాన యంతయు కూనవరము దిగువకు వచ్చునప్పటికి ఒక్క మొత్తమగును. ఇంత నీటిని పాపికొండలు రెండువైపుల నొక్కి, మైలుకు మించిన వెడల్పును కొన్ని వందల గజములకు కుదించును. వెడల్పు తగ్గిన నీరు లోతునకు పోవును, వడిని పెంచుకొనును, కొండరాయి ముక్కు తగిలినచోట సుడులు తిరుగును. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద నీటిమట్టము 75.6 అడుగులకు చేరినది. అక్కడ మొదటి ప్రమాదహెచ్చరిక యిచ్చునది 43 అడుగులకే యనిన ఆ వరద యెట్టిదో ఊహింపవచ్చును. 2022లో జూలై నడుమనే అది 71 అడుగులు దాటెను.

పడవవారికి పంచాంగము వేరు. చైత్రవైశాఖము లనక, ‘కొత్తనీరు’, ‘ఎర్రనీరు’, ‘తేటనీరు’, ‘సన్ననీరు’ అని నీటి రంగునుబట్టి కాలమును చెప్పుకొను సరంగు నొకనిని నేను చిన్నతనమున చూచితిని. కొత్తనీరు రాగానే పడవను గట్టున బాగుచేసికొని సిద్ధపడుదురు. ఎర్రనీటిలో పెద్ద దుంగలు, వేళ్లతో పెరికిన చెట్లు మునిగి తేలుచు వచ్చును గనుక రాత్రి పడవ కదలదు. తేటనీరు వచ్చినప్పుడు మూడునెలల పని ఒక్క నెలలో చేయవలెనన్నంత తొందర. సన్ననీరు వచ్చిన పిదప ఒక కళాసి మున్ముందు నిలుచుండి గెడ ముంచి లోతు చెప్పుచుండగా, సరంగు ఆ మాటలు వినుచు చుక్కాని త్రిప్పుచుండును. “నిలువు… నిలువు… మెడ… రొమ్ము… రొమ్ము…” అను ఆ కేక నాకిప్పటికిని చెవిలో నున్నది. ‘నడుము’ అనగానే ఇంజను మందగించును. ‘మోకాలు’ అనగా అడుగున ఇసుక రాచుకొను చప్పుడు మాకందరకును వినవచ్చెను.

అది ఫాల్గునము. మా మేనమామ కుటుంబముతో రాజమహేంద్రవరమునుండి భద్రాచలము పోవుచు, కొండల యిరుకు దాటి, నది మరల వెడల్పైన చోట లాంచీ ఇసుకలో కూరుకొనిపోయినది. కళాసులు నలుగురు నడుములోతు నీట దిగి భుజములానించి త్రోసిరి, అది కదలలేదు. మగవారందరును దిగిరి, అప్పటికిని కదలలేదు. తుదకు అందరమును తిన్నెమీదికి దిగి, మా అత్తయ్య మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసి, గోదావరి నీటితో అన్నము వండెను. తోటి ప్రయాణికులలో తొందరగా కల్యాణపు పనులకు పోవలసిన వృద్ధు డొకడు మాత్రము తినలేదు. చేయి నొసటికి అడ్డము పెట్టుకొని ఎగువవైపు చూచుచు కూర్చుండెను. మాపటికి బరువంతయు దింపి, తాడు కట్టి లాగిన పిదప లాంచీ కదలెను. ఆ ఇసుకలో నేను ఏరుకొన్న పలకరాయి ఇప్పటికిని నా బల్లమీద కాగితముల బరువై యున్నది.

ఇక్కడ ఒక చిక్కు కలదు. దానిని చూచిన ప్రతిమారును నాకు ఆశ్చర్యము కలుగును. భద్రాద్రి రాముని కల్యాణము చైత్రశుద్ధనవమినాడు. పట్టిసీమ వీరభద్రుని తిరునాళ్లు మాఘబహుళమున శివరాత్రికి. జను లత్యధికముగా నదిపై ప్రయాణము చేయగోరు దినములు నీరు తీసిపోవుచున్న దినములు. పట్టిసీమకు దోష మంతగా లేదు. మాఘములో నీరు ఇంకను మిగిలియుండును, తిన్నెలు బయటపడి నడక కలసివచ్చును. భద్రాచలమునకు మాత్రము చైత్రమున ఎగువ దారి పట్టుట ఇసుకతో మల్లయుద్ధమే. వానకాలములో కొండలలోని సుడులు, వేసవిలో కొండలకు పైనున్న తిన్నెలు: ఒక్క నదియే ఒకచోట లోతెక్కువయై, ఒకచోట లోతు తక్కువయై, రెండుకాలములందును రెండురీతుల వెనుకకు త్రిప్పును. కొండల యిరుకులో వేసవియందును నీరు గంభీరముగా నిలుచును గనుక అంతవరకు పోయి వచ్చువారికి సంవత్సరములో ఎక్కువకాలము దారి దొరకును. భద్రాచలము చేరగోరువారికి ఆ అవకాశము చాల కొద్ది. ‘పాపికొండల యాత్ర’ అను నేటి మాటలో ఈ రెండును కలిసిపోవుటచే పలువురు పొరబడుచున్నారు.

ఋతువును జయింపవలెనని పూనిన మహాసాహసి ఆర్థరు కాటన్. ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసెను. వరద వచ్చినప్పుడెల్ల పని నిలుపుకొనుచు, నీరు తీసినప్పుడెల్ల రాతిపై రాయి పేర్చుచు నడచిన పని యది. డెల్టాలోని కాలువలను ఆయన పొలములకు నీటికే గాక పడవలకును త్రవ్వించెను. నీటిమట్టము మారినచోట లాకులు. లాకుల తలుపులనడుమ పడవ నిలువగా నీరు మెల్లగ పెరిగి దానిని పైకెత్తుట చూచిన పల్లెటూరివారికి అది యొక వింత. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపెను. అటుపిమ్మట కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువలమీదుగా నీటిదారి చెన్నపట్టణము చేరెను. 1876–78 నాటి ధాతుకరువులో ఆకలిగొన్న జనము కూలికి త్రవ్విన కాలువభాగములు అందు కలవు. అప్పటి మద్రాసు గవర్నరు పేరే దానికి నిలిచెను. గూటిపడవలో సాయంకాలము ఎక్కి, గట్టువెంట కళాసులు తాడు లాగుచుండ, చుక్కాని కిర్రుచప్పుడు వినుచు నిద్రపోయి తెల్లవారునప్పటికి వేరొక యూర మేల్కొనుట మా తాతగారి తరమునకు నిత్యానుభవము. నదిపై లేని నెమ్మది కాలువపై దొరకెను: వరదను ఆనకట్ట ఆపెను, ఇసుకను పూడికతీత తొలగించెను. అయినను ఋతువు పూర్తిగా లొంగలేదు. ప్రతి వేసవియందును మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు; అప్పుడు పడవలు బురదపై ఒరిగి పండుకొని, జ్యేష్ఠములో నీరు వదలువరకు ఎదురుచూచెడివి. పెండ్లిండ్ల కాలమునకు కాలువ కట్టివేతకు పొత్తు కుదరక ఎడ్లబండి కట్టించుకొన్న ముచ్చటలు మా ముత్తవ్వ చెప్పగా వింటిని.

డెల్టాలో గెలిచిన కాటన్ అటుతరువాత ఎగువగోదావరిపై దృష్టి నిలిపెను. నాగపురము, వరాడు సీమల ప్రత్తిని వార్ధా, ప్రాణహిత, గోదావరుల మీదుగా పడవలలో దింపి సముద్రమునకు చేర్చవలెనని ఆయన సంకల్పము. అమెరికాలో అంతర్యుద్ధము రేగి లాంకషైరు మిల్లులకు ప్రత్తి కరవైన 1860లలో ఆ సంకల్పమునకు రెక్కలు వచ్చెను. దారిలో మూడు అడ్డంకులు కలవు: మొదటిది దుమ్ముగూడెము కడ, పర్ణశాలకు చేరువను రాతిబండల వరుస, రెండవది ఇంచంపల్లి, మూడవది ఇంకను ఎగువ. ప్రతి అడ్డంకి వద్దను ఆనకట్ట కట్టి, ప్రక్కగా లాకులతో కాలువ త్రవ్వి, పడవను బండలు దాటించవలెనని యోచన. హెయిగ్ అను ఇంజనీరు ఆ పనికి పూనుకొనెను.

ఈ యత్నమును ఓడించినది ఒక్క కారణము గాదు. నది యడుగున రాతిపని చేయుటకు నీరు తీసిన నెలలు కావలెను. సున్నము, ఇనుము, బియ్యము, కూలిజనము పైకి చేరుటకు నీరు నిండిన నెలలు కావలెను. ఒక పనికి అనుకూలమైన కాలము మరియొక దానికి ప్రతికూలము. వానలు వెనుకబట్టగానే పని మొదలుపెట్టుదమనిన అప్పుడే మన్యపు చలిజ్వరములు ముదిరెడివి. కూలీలు గుంపులుగా పడిపోవుటయో, పారిపోవుటయో జరిగెడిది. వేసవిలో ఆరోగ్యము కుదుటపడి పని ఊపందుకొనునప్పటికి మబ్బు పట్టును. ఇట్లు సంవత్సరమునకు కొలది వారముల పనిగా అది సాగుచుండగా, 1867లో బొంబాయినుండి రైలుబండి నాగపురము చేరెను. రైలునకు తేటనీరు, ఎర్రనీరు అను తారతమ్యము లేదు గదా. 1871లో ప్రభుత్వము ఎగువగోదావరి పనులను విరమించెను. దుమ్ముగూడెము ఆనకట్టయు, పడవల కాలువయు, లాకులును మాత్రము నేటికిని అచట నిలిచియున్నవి. ఆ లాకుగోడల రాళ్లను నేను తాకి చూచితిని. ఉలిదెబ్బలు నిన్న కొట్టినట్లున్నవి. కాటన్‌ను గూర్చి గోదావరిసీమవారికి గల భక్తి నాకును గలదు. అందుచేతనే ఆయన ఓటమిని దాచక చెప్పుట ఆయనకు చేయు గౌరవమని తలచుచున్నాను. డెల్టాలో ఆయన నది స్వభావముతో కలిసి పనిచేసెను. పైన దానికి ఎదురు నిలిచెను.

వర్షదేశములం దంతటను ఈ కథయే. కంబోడియాలో తోన్లేసాప్ అను నది, మెకాంగు వరద పెరిగినప్పుడు వెనుకకు ప్రవహించి పెద్ద సరస్సును నింపి, వానలు వెళ్లిన పిమ్మట తిరిగి ముందుకు నడచును. ఆ మలుపు తిరుగు నవంబరు పున్నమికే అక్కడ పడవపందెముల పండుగ. మన కార్తికపున్నమియు దాదాపు అదే. బర్మాలో ఐరావతిపై 1865నుండి స్టీమర్లు నడచెను. కోరంగి రేవునుండి ఓడలెక్కి రంగూనుకు బ్రతుకుదెరువునకు పోయిన తెలుగువారు ఆ నదిని చూచినవారే. మన కాలమున, 2023 జనవరి 13న, అనగా సంక్రాంతి ముంగిట, వారణాసినుండి ‘గంగావిలాస్’ అను విహారనౌక బయలుదేరి, సుమారు 3,200 కిలోమీటర్లు నడచి బ్రహ్మపుత్రపై డిబ్రూగఢ్ చేరెను. చలికాలమున ఎండ హితము, ఆకాశము నిర్మలము. కాని నీరు తగ్గుచుండును గనుక అట్టి నౌకను లోతు మిక్కిలి యక్కరలేనట్లు బల్లపరుపు అడుగుతో కట్టవలసివచ్చెను. ప్రయాణికుని సుఖమునకు మేలైన నెల పడవకు మేలైన నెల కాకపోవచ్చును. ఈ రెండును కలియు దినములే అసలైన పడవకాలము.

ఆ దినములకు ముందు తొందరపడినవారికి ఏమగునో చెప్పుటకు నాకు మనసొప్పదు, చెప్పకుండుటయు తగదు. 2019 సెప్టెంబరు 15, ఆదివారము. గోదావరి వరదలో నుండగనే డెబ్బదిమందికి పైగా జనముతో పాపికొండలకు బయలుదేరిన పడవ కచ్చులూరు కడ సుడిలో తిరుగబడి మునిగెను. నలువదిమందికి పైగా మరణించిరి. మొదట కొందరను కాపాడినవారు పరిసరగ్రామముల గిరిజనులు. తమ చిన్న పడవలతో వారు నీట దిగిరి. మునిగిన పడవ నదిగర్భమున నెలకు పైగా నుండి, అక్టోబరు 22న, నీరు కొంత తీసిన పిమ్మట, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందము శ్రమవలన పైకి వచ్చెను. భాద్రపదము అది. ‘ఎర్రనీరు’ అని సరంగులు పేరుపెట్టిన కాలము. కొండలు పచ్చగానుండి, జలపాతములు దూకుచు, కంటికి అంత యందముగా నది మరియెప్పుడును కనబడదు. ఆ యందమే ఆపదకు ఆహ్వానమగుచున్నది. పచ్చదనమును చూడగోరువారు వారము రోజులు వేచియుండి, ఎగువ పేరూరు, భద్రాచలముల నీటిమట్టము విచారించుకొని బయలుదేరినచో ఎన్ని యిండ్లు నిలుచునో గదా అని ఆ దినమున బారిడీహ్‌లో టెలివిజను ముందు కూర్చున్న మా తెలుగు కుటుంబములన్నియు అనుకొన్నవి. ఆ సాయంకాలము మా వరుసలో ఏ యింటను దీపము ముందు ఎవరును గట్టిగా మాటలాడలేదు.

ఇప్పుడు నది మరల మారుచున్నది. పోలవరము కట్టడమువద్ద 2021 జూనులో గోదావరిని స్పిల్‌వే దారికి మళ్లించిరి. దేవీపట్నము పరిసరములందు నీరు వెనుకకు నిలిచెను. పడవ లెక్కు రేవు గండిపోచమ్మ గుడి చెంత నున్నది. వరదవేళ ఆ గుడియే మునుగును. ముందుముందు ఇసుకతిన్నెలు మునిగి, సన్ననీటి చింత తగ్గి, యాత్రాకాలము కొంత పెరుగవచ్చును. అందుకు ప్రతిగా మునుగు ఊళ్లను, కొండరెడ్ల గూడెములను తలచుకొన్నప్పుడు ఆ లాభమును లాభమని వ్రాయుటకు నా కలము సాగదు.

మరునాటి యుదయము టీ గ్లాసులతో గుమ్మమున కూర్చుండి మా పెద్దాయనకు ఇట్లు చెప్పితిని. వేసంగి వలదు, రాళ్లు కాగి, కొండలు మోడువారి, పిల్లలకు వడదెబ్బ తగులును. దసరా ఆశపెట్టును గాని నమ్మరాదు. వరద తీయుచున్నను, సముద్రమున తుపాను పుట్టినచో రెండు దినములలో కథ మారును. దీపావళి వెళ్లనిండు. కార్తికము రెండవ పక్షమునుండి పుష్యము చివరివరకు నీరు తేటపడి, కొండమీది పచ్చదనము ఇంకను వాడక, ఎండ వెన్నవలె నుండును. పుష్యమాసపు వేకువను కొండల యిరుకున పొగమంచు దట్టముగా దిగును గనుక పొద్దెక్కిన పిదప కదలు పడవనే యెక్కుడు. మాఘమును మేలే, భద్రాచలమువరకు పడవలోనే పోవలెనను పట్టు లేకున్న. నెల యేదైనను, బయలుదేరు దినమున రేవులో నీటి రంగు చూడుడు. ఎర్రగా నున్నచో టిక్కెట్టు డబ్బు పోయినను వెనుకకు రండు. ప్రాణరక్షణకవచము పిల్లలకు కట్టిన పిమ్మటనే కాలు పడవపై పెట్టుడు.

ఆయన శ్రద్ధగా విని, “అయితే మార్గశిరంలో ఎల్తామండి. మా కోడలికి అప్పుడు సెలవు దొరకదేమో, అడగాల,” అనెను. కొంతసేపు ఊరకుండి, చిన్ననాడు తన తండ్రి వంశధారలో ఎండకాలము నడచి దాటుచు తన్ను భుజమున కూర్చుండబెట్టుకొన్న సంగతి చెప్పెను. తరువాత ఇద్దరమును మరల గట్టునకు పోయితిమి. రాత్రి చాండిల్ వైపు మరల కురిసినది కాబోలు. సుడి యింకను పెద్దదైనది. ఆయన గట్టుమీది చెట్టుమొదట నీరు తాకిన చోట గొడుగుకొనతో ఒక గీత గీచి, “ఈ బండ మళ్లీ ఎప్పుడు పైకి వస్తాదో సూసి, ఆ రోజే టిక్కెట్లు కొంటానండి,” అని నా వైపు చూచెను.